వార్లాక్‌కు యజమాని ఎవరు: ఫీండా, సెలెస్టియలా?

విజయవాడ లబ్బీపేటలో ఆదివారాలు డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రధారణ ఆట ఆడే మా బృందంలో వార్లాక్ (అతీత శక్తితో ఒప్పందం చేసుకున్న మాంత్రికుడు) పాత్ర తీసుకునేవారు ముందుగా తేల్చుకోవలసింది, తమకు శక్తినిచ్చే యజమాని నరకానికి చెందిన ఫీండా, దివ్యలోకాల సెలెస్టియలా అన్నదే. మేము పాటించేవి 2014 నాటి నియమాలు. సెలెస్టియల్ 2017లో అనుబంధ పుస్తకంతో వచ్చి చేరింది.

ఫీండ్ చంపినందుకు కూలి ఇస్తాడు. శత్రువును పడగొట్టిన ప్రతిసారీ కరిష్మా మాడిఫయరుకు (పాత్ర ఆకర్షణ శక్తిని బట్టి వచ్చే అంకె) వార్లాక్ లెవెల్ (పాత్ర చేరిన స్థాయి) కలిపినన్ని తాత్కాలిక హిట్ పాయింట్లు (దెబ్బలు తట్టుకునే ప్రాణబలం) దక్కుతాయి. అంటే 5వ లెవెల్లో మాడిఫయరు 4 ఉంటే, గోబ్లిన్ కూలగానే 9 వస్తాయి. ఇవి ఒకదానిపై ఒకటి పోగుపడవన్న సంగతి కొత్తవారికి తరచూ గుర్తుండదు. సెలెస్టియల్ ఇచ్చేది వైద్యం: లెవెల్ కంటే ఒకటి ఎక్కువగా ఆరు ముఖాల పాచికలు చేతిలో ఉంటాయి, 60 అడుగుల లోపు కనిపించేవారికి బోనస్ యాక్షన్‌తోనే (తన వంతులో చేసే అదనపు చిన్న పని) గాయాలు మాన్పవచ్చు, అయితే ఖర్చయిన పాచికలు లాంగ్ రెస్ట్ (పాత్రలు తీసుకునే సుదీర్ఘ విశ్రాంతి) తరువాతే తిరిగి వస్తాయి. క్లెరిక్ (వైద్యం చేయగల పూజారి పాత్ర) లేని చిన్న బృందానికి నా ఓటు దీనికే.

కథ కోసమైతే ఫీండే మేలు. ఒప్పందాన్ని ధిక్కరిస్తే శక్తులు పోతాయని ఆ నియమాల్లో ఎక్కడా లేదు కనుక, ప్రామిసరీ నోటు చేతిలో ఉన్న వడ్డీ వ్యాపారిలా అతడు ఎంత బిగించాలో ఆట నడిపేవారి ఇష్టం. మంచి యజమానిని కాదనడానికి మాత్రం పాత్రకు సాకు దొరకదు. అందువల్ల సెలెస్టియల్‌ను ఎంచుకునేవారు, ఏ ఆజ్ఞ దగ్గర తమ పాత్ర ఎదురు తిరగగలదో ఆట మొదలుకాక ముందే మాట్లాడుకోవాలి.