సైకిట్-లెర్న్ పైప్‌లైన్: కాలమ్ పేర్లు దక్కాయి, ఇంటిపేర్లతో సహా

సైకిట్-లెర్న్ పైథాన్‌లో మెషిన్ లెర్నింగ్ లైబ్రరీ, దాని పైప్‌లైన్ డేటాను మార్చే స్టెప్పులను వరసగా నడుపుతుంది. అందులో ఫిట్ (డేటా నుంచి నేర్చుకోవడం), ట్రాన్స్‌ఫామ్ (డేటాను మార్చడం) గురించి అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. ఏళ్లుగా వాడుతున్న ఈ పైప్‌లైన్‌లో నాకు పిచ్చిగా నచ్చింది ఒక్కటే: 1.2 వెర్షన్‌లో వచ్చిన సెట్_అవుట్‌పుట్. అంతకుముందు ఒక స్టెప్ దాటగానే డేటాఫ్రేమ్ (కాలమ్ పేర్లున్న పట్టిక) కాస్తా పేర్లు లేని ఉత్త నంపై అర్రే అయ్యేది. మూడో కాలమ్ ధరా, తేమ శాతమా అని వేళ్ల మీద లెక్కపెట్టుకోవాలి. ఇప్పుడు అవుట్‌పుట్ పాండాస్ (డేటాఫ్రేమ్‌ల లైబ్రరీ) రూపంలో కావాలని ఒక్క లైన్ రాస్తే పేర్లు చివరిదాకా వస్తాయి.

నా పని ఉమ్మడి వరంగల్ మార్కెట్ యార్డుల పత్తి, మిర్చి ధరలతో. ఇక్కడ అసలు తలనొప్పి జిల్లా పేరు. పరకాలనే తీసుకోండి. 2016 అక్టోబరు దాకా వరంగల్, ఆ తర్వాత వరంగల్ రూరల్, 2021 నుంచి హనుమకొండ. రూరల్ జిల్లాకే వరంగల్ అని పేరు మార్చారు కదా అని ఫైల్లో ఆ పేరొక్కటి మార్చేస్తే పరకాల పక్క జిల్లాలో పడుతుంది. అందుకే మార్కెట్ పేరు చూసి ఇప్పటి జిల్లా వేసే స్టెప్‌ను క్లాస్‌గా రాసుకున్నాను. పత్తి ఫైలుకీ మిర్చి ఫైలుకీ అదే.

ఒకసారి దాన్ని కాలమ్‌ట్రాన్స్‌ఫార్మర్ (వేర్వేరు కాలమ్‌లను వేర్వేరు కొమ్మల్లో మార్చి మళ్లీ కలిపే స్టెప్) తర్వాత పెడితే 'మార్కెట్' కాలమే లేదని కీఎర్రర్. ఫైల్లో కళ్లముందే కనిపిస్తోంది! మధ్యాహ్నమంతా దానికే పోయింది. చివరికి స్టెప్ స్టెప్‌కీ కాలమ్ పేర్లు ప్రింట్ చేస్తే బయటపడింది: 'రిమైండర్__మార్కెట్' (రిమైండర్ అంటే ఏ కొమ్మకూ ఇవ్వని మిగతా కాలమ్‌లు). ఏ కొమ్మ నుంచి వచ్చిందో దాని పేరును ఇంటిపేరులా తగిలిస్తుందట, అదీ అడక్కుండానే. వెర్బోస్_ఫీచర్_నేమ్స్_అవుట్‌ను ఫాల్స్ చేస్తే పోయింది. అలా చేశాక రెండు కొమ్మల నుంచి ఒకే పేరు వస్తే ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది, అది మాత్రం మంచిదే.

ఒక్క లైన్ అన్నాను గానీ, సొంత క్లాసులో బయటికి వచ్చే కాలమ్ పేర్లు చెప్పే గెట్_ఫీచర్_నేమ్స్_అవుట్ కూడా రాయాలి, లేకపోతే సెట్_అవుట్‌పుట్ ఒప్పుకోదు. ఒక్కో కేటగిరీకి ఒక్కో 0/1 కాలమ్ చేసే వన్‌హాట్‌ఎన్‌కోడర్‌లో స్పార్స్ (సున్నాలు దాచకుండా మెమరీ ఆదా చేసే రూపం) ఆపేయాలి. నా దగ్గర ఉన్న నాలుగు మార్కెట్లకు ఫర్వాలేదు, వేల కేటగిరీలు ఉంటే మెమరీ చూసుకోవాలి.

ప్రతి సీజన్‌కీ అదే పని మళ్లీ చేసే నాకు ఇది బాగా కుదిరింది. మీది ఏడాదికోసారి వచ్చే ఒక్క ఫైలే అయితే పాండాస్‌లోనే ఫంక్షన్లను వరసగా నడిపే పైప్‌తోనే నడిచిపోతుంది, ఇంత హంగామా అక్కర్లేదు.