లోస్టాఫ్ట్‌లో రెండు రోజులు: మైన్లు ఏరిన చేపల బోట్ల ఊరు

అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు ఇంగ్లండ్ తూర్పు కొసన ఉన్న లోస్టాఫ్ట్‌కి తీసుకెళ్లాను. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ నేవీ చేపల బోట్లను తీసుకుని సముద్రంలోని మైన్లు, అంటే ఓడల్ని పేల్చే బాంబులు, ఏరించింది. ఆ పనికి స్థావరం ఈ ఊరే. నారిచ్‌లో రైలు మారాక ముప్పావు గంట ప్రయాణం. స్టేషన్ నుంచి రేవుకి నడిచిపోవచ్చు.

ముందు రేవులో ఉన్న మిన్‌కార్లో ఎక్కండి. ఇది 1961లో ఈ ఊళ్లోనే కట్టిన ట్రాలర్, అంటే వల లాగుతూ చేపలు పట్టే బోటు. యుద్ధంలో పనిచేసింది కాదు, అయినా నా ఓటు దీనికే. డెక్కు మీద ఆ పెద్ద వించి (వల తాళ్లు చుట్టే యంత్రం) పక్కన నిలబడితే, నేవీ చేపల బోట్లనే ఎందుకు తీసుకుందో తెలిసిపోతుంది. బోటు లాగుతున్నప్పుడు వల నోరు మూసుకోకుండా రెండు పలకలు నీటి ఒత్తిడికి చెరో వైపుకీ జరుగుతాయి. మైన్లు ఏరడమూ దాదాపు ఇదే పని. వల స్థానంలో కోసే వైరు, దాన్ని పక్కకి లాగే పలక, లోతులో నిలిపే ఇంకో పలక, పైన తేలే బుంగ. సముద్రం అడుగున కట్టిన మైన్ తీగ ఆ వైరుకి తగిలి తెగగానే మైన్ పైకి తేలుతుంది. అప్పుడు తుపాకులతో కాలుస్తారు. ఈ పద్ధతిని ఒరొపెసా అనే ట్రాలర్ మీద తయారుచేశారు కాబట్టి దానికి ఆ పేరే ఉండిపోయింది. వలా, వైరూ, తుపానూ తెలిసిన మనుషులు అప్పటికే ఆ బోట్లలో ఉన్నారు.

టికెట్ లేదు, విరాళం ఇవ్వొచ్చు. చూపించిన పెద్దాయన ఎంతో ఓపికగా చెప్పారు. ఇంజిన్ గదికి నిచ్చెన బాగా నిటారుగా ఉంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మ డెక్కు మీదే ఉండిపోయింది.

బస సముద్రం ఎదురుగా ఒక చిన్న గెస్ట్‌హౌస్‌లో. రాత్రి హీటర్ పనిచేయలేదు, రెండుసార్లు అడిగాక దుప్పట్లు వచ్చాయి. శాకాహారులకి పొద్దున టోస్టు, బీన్సు తప్ప వేరేమీ లేవు. ఆవకాయ సీసా మాతో ఉండబట్టి సరిపోయింది. కానీ సముద్రం వైపు గదికి కట్టిన అదనపు డబ్బు దండగ కాలేదు. బ్రిటన్‌కి తూర్పు చివర ఈ ఊరే, సూర్యోదయం కిటికీలోనే కనిపించింది.

రెండో రోజు స్పారోస్ నెస్ట్ పార్కు. 1939లో నేవీ ఈ పార్కుని తీసుకుని, తర్వాత హెచ్.ఎం.ఎస్. యూరోపా అని పేరు పెట్టింది. పేరు ఓడదే, ఉన్నది నేల మీద. మైన్లు ఏరే పాట్రోల్ సర్వీస్‌కి (నేవీ గస్తీ విభాగానికి) ఇదే స్థావరం. లోపలి మ్యూజియం చిన్నది, వారంలో కొన్ని పూటలే తెరుస్తారు. వేళలు కనుక్కున్నాకే రైలు టికెట్ కొనండి.

పక్కనే బెల్ వ్యూ పార్కులో 1953లో ఆవిష్కరించిన స్మారకస్తంభం ఉంది. ఆ సర్వీస్‌లో పనిచేసి, సముద్రమే సమాధి అయిన దాదాపు 2,400 మంది పేర్లు దాని చుట్టూ చెక్కారు. "ఒక్కరి శవమూ దొరకలేదా నాన్నా?" అని అడిగింది అమ్మ. రిటైరైన టీచరు కదా, హాజరు పట్టీ చదివినట్టు ఒక్కో పేరూ పైకి చదవడం మొదలుపెట్టింది. నేను తొందరపెట్టలేదు. మధ్యాహ్నం రైలు వదిలేసి సాయంత్రం దానికి వెళ్లాం.