గంటస్తంభం సందులో పాటల షాపు: పెద్దాయన చీటీలు, మంచి ప్లేట్లు

విజయనగరంలో గంటస్తంభం దగ్గర బజారు సందులోకి తిరిగి పాత రికార్డుల షాపు ఎక్కడని అడిగితే, పెద్దాయన గారి షాపేనా అని ఎవరైనా దారి చూపిస్తారు. ఆ పెద్దాయన ఇప్పుడు లేరు. కూతురు షాపు నడుపుతున్నారు. వచ్చేవాళ్లంతా ఆవిడని అక్కా అనే పిలుస్తారు. సరుకు గురించి చెప్పే ముందు ఆయన పనితనం గురించి చెప్పాలి. అరల్లో ఉన్న ప్రతి కవరులోనూ ఆయన పెన్సిల్‌తో రాసిన చీటీ ఒకటి ఉంటుంది. ఇక్కడ పెట్టే డబ్బులో సగం విలువ ఆ చీటీదే.

ఎల్పీ, అంటే నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే పెద్ద రికార్డు అయితే రెండు వైపులకీ విడివిడిగా రాసేవారు. ఏ పాటలో ఎక్కడ టిక్కుమంటుంది, గాడిలో నడిచే ప్లేయరు ముల్లు దూకుతుందా లేదా, అంచు వంగిందా, అన్నీ ఉంటాయి. గోటికి తగిలే గీతని, తగలనిదాన్ని వేరుగా రాసేవారు. గోటికి తగలని గీతలు వెలుతురులో చూస్తే భయం వేస్తుంది గానీ చాలావరకు వినపడవు. అసలు మోసం మెరిసే రికార్డులతోనే. బరువైన చేతులున్న పాత ప్లేయర్ల మీద అరిగిన రికార్డు పైకి కొత్తదానిలా ఉంటుంది, గాడి గోడలు మాత్రం చెడిపోయి ఉంటాయి. గొంతు పైస్థాయికి వెళ్లగానే గరగర మొదలవుతుంది, స, ష అక్షరాలు చిట్లుతాయి.

అందుకే ఆయన ఏ ఎల్పీ అయినా చివరి పాట ముందు వేసేవారు. 33⅓ వేగంలో బయటి అంచున ముల్లు కింద సెకనుకి 50 సెంటీమీటర్ల గాడి నడుస్తుంది. లేబుల్ దగ్గరికి వచ్చేసరికి అది 21 సెంటీమీటర్లకి పడిపోతుంది. అంతే సంగీతం అందులో సగంకన్నా తక్కువ చోటులో ఇరుక్కోవాలి, కాబట్టి అరుగుదల మొదట బయటపడేది అక్కడే. చివరి పాట శుభ్రంగా పలికితే మిగతావాటి గురించి దిగులుపడక్కర్లేదు. ఇప్పటికీ షాపులో వినే బల్ల ఉంది. కొనే ముందు చివరి పాట వేయమని అడగండి, అక్క విసుక్కోరు.

78 ప్లేట్ల కోసమైతే, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు రికార్డుల కోసమైతే, ఉత్తరాంధ్రలో ముందు ఇక్కడికే వెళ్లండి. ఇది 1919లో సంగీత కళాశాల పెట్టిన ఊరు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడు గారు అక్కడే వయొలిన్ నేర్పారు, ఘంటసాల, సుశీల అక్కడే చదువుకున్నారు. ద్వారం వారి వయొలిన్ ప్లేటు దొరికితే వినడానికి విద్యార్థులు వచ్చేవారు. పది అంగుళాల ప్లేటు ఒక వైపు మూడు నిమిషాలు మోగుతుంది. ఆ మూడు నిమిషాల కోసం పెద్దాయన ముందు వేగం సరిచూసేవారు. ప్లేయరు 78కి బదులు 80 తిరిగితే శ్రుతి రెండున్నర శాతం పైకి పోతుంది, అంటే దాదాపు అర స్వరస్థానం. సినిమా పాటకి పట్టించుకోకపోయినా, దాని మీద వాయించి నేర్చుకునేవాడికి అది పనికిరాదు.

సరిచూసే పద్ధతి మీరూ ఇంట్లో చేసుకోవచ్చు. ఒక గుండ్రటి అట్ట మీద అంచు చుట్టూ సమానంగా 77 నల్లగీతలు గీసి టర్న్‌టేబుల్ మీద పెట్టాలి. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి చోక్ ఉన్న ట్యూబులైటు సెకనుకి నూరుసార్లు మినుకుతుంది. ఆ వెలుగులో గీతలు నిలబడినట్టు కనిపిస్తే వేగం 78. తిరిగే వైపే ముందుకు జరుగుతుంటే వేగం ఎక్కువ, వెనక్కి జరిగితే తక్కువ. 33⅓కి 180 గీతలు కావాలి. ఎల్ఈడీ బల్బు కింద ఇది తరచూ పనిచేయదు, చాలావాటి వెలుగు అలా మినకదు. షాపులో మిగతా దీపాలన్నీ మార్చినా ఆ బల్ల మీద మాత్రం పాత ట్యూబులైటే ఉంచారు, మంచి పని చేశారు.

78 కొనేవాళ్లకి ఆయన మొదట వేసే ప్రశ్న ఒకటే: ఏ ముల్లుతో వింటారు? ఎల్పీ ముల్లు కొన వ్యాసార్ధం సుమారు 18 నుంచి 25 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 78కి కావాల్సింది సుమారు 75. ఎల్పీ ముల్లు 78 గాడి అడుక్కి దిగి అక్కడి దుమ్ములో ఈడ్చుకుపోతుంది. ప్లేటు పాడైపోయిందని అనుకునేవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే. తాళం తిప్పే గ్రామఫోన్ అయితే ఉక్కుముల్లు ఒక్క వైపుకే, తిప్పి వేసేముందు మార్చాలి. అది గీసుకుని అరిగేలాగే తయారైన ముల్లు. రెండోసారి వాడితే అరిగిన కొన గాడిని కోస్తుంది. జవాబు నచ్చకపోతే ఆయన ప్లేటు అమ్మేవారు కాదు, ముందు ముల్లు కొనమనేవారు. వ్యాపారం పోతుందని ఆలోచించని మనిషి.

కడగడం దగ్గరా అంతే పట్టుదల. ఎల్పీకి డిస్టిల్డ్ వాటర్‌లో రెండు మూడు చుక్కల గిన్నెల సబ్బు, మెత్తటి గుడ్డ, గాడి వెంబడి గుండ్రంగా తుడవడం, తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ. లేబుల్ తడవకూడదు. 78 మీద స్పిరిట్ మాత్రం చుక్క కూడా పడకూడదు. అది లక్కతో చేసిన ప్లేటు, స్పిరిట్‌లో లక్క కరిగిపోతుంది. తెలియక స్పిరిట్‌తో తుడిచిన ప్లేట్ల మీద బూడిదరంగు మచ్చ ఉంటుంది. అలాంటివి ఇక్కడ వేరే పెట్టెలో, చీటీ మీద ఆ మాటే రాసి, బాగా తక్కువ ధరకి పెట్టారు.

వానాకాలం మన వైపు బూజు తప్పదు. రికార్డులు నిలువుగా, వాలిపోకుండా పెట్టాలి. పడుకోబెట్టి దొంతర వేస్తే అడుగువి వంగుతాయి, 78లైతే పగుళ్లిస్తాయి. మెత్తటి పాత ప్లాస్టిక్ కవర్లు తీసేయండి, ఏళ్ల తరబడి అంటుకుని రికార్డు మీద పోని మబ్బుమరక వదులుతాయి.

కేసెట్ల అర పలచబడింది, ఉన్నవి మాత్రం విని పెట్టినవే. ఖాళీ కేసెట్‌లో పాటలు ఎక్కించి ఇచ్చే రోజుల్లో జిల్లా అంతా ఈయన దగ్గరికి రావడానికి కారణం లెక్క. సీ-60లో ఒక వైపు 30 నిమిషాలు. మూడున్నర నిమిషాల పాటలు ఎనిమిది పడితే 28 నిమిషాలు. తొమ్మిదోది ఇరికించి చరణం మధ్యలో కోసేయడం ఆయన ఒప్పుకోలేదు. మొదట వచ్చే తెల్ల లీడరు, అంటే పాట ఎక్కని టేపు ముక్క, కొన్ని సెకన్లుంటుంది, అది చేత్తో దాటించి అప్పుడే రికార్డు నొక్కేవారు, అందుకే ఆయన కేసెట్లలో మొదటి పల్లవి తెగదు. సీ-120 అడిగితే వద్దనేవారు. టేపు మరీ పలచన, డెక్‌లో చుట్టుకుపోతుంది. మీ పాత కేసెట్ ఒక్కసారిగా మసకగా పలికితే టేపు చెడిందని పారేయకండి. లోపల టేపుని హెడ్‌కి అదిమే చిన్న ఫెల్టు ముక్క ఊడి ఉంటుంది. అయిదు స్క్రూల కేసెట్ అయితే ఇక్కడ విప్పి వేరేది అతికిస్తారు. అతికేసిన డబ్బా అయితే టేపు వేరే డబ్బాలోకి మార్చాలి, దానికి ఒక రోజు పడుతుంది.

అక్క వచ్చాక మొదలైన కొత్త పని ప్లేట్లని ఫైళ్లుగా మార్చి ఇవ్వడం. బాగా చేస్తున్నారు. 78కి ముల్లు మారుస్తారు, వేగం సరిచూస్తారు. రికార్డుల్లో కింది, పై స్వరాల మోతాదుకి అందరూ వాడే ఆర్ఐఏఏ పద్ధతి 1954లో వచ్చింది. అంతకుముందటి ప్లేట్లని ఆ పద్ధతికే కుదిర్చిన మామూలు ఫోనో అమరికలో వేస్తే పైస్వరాలు మూగబోతాయి, ఆ తేడా సర్దుతారు. ముఖ్యంగా, రొద పూర్తిగా తుడిచేయరు. తుడిస్తే వయొలిన్ కమాను రాపిడి కూడా దాంతోపాటే పోతుంది. ఎక్కువ నాణ్యత ఉన్న 24 బిట్, 96 కిలోహెర్ట్‌జ్ ఫైలు అడిగితే నిమిషానికి సుమారు 35 ఎంబీ, పెన్‌డ్రైవ్ పెద్దది పట్టుకెళ్లండి.

లోటుపాట్లు ఉన్నాయి. సరుకుకి జాబితా లేదు. ఏది ఎక్కడుందో ఆయన తలలో ఉండేది, ఇప్పుడు అర అరా వెతుక్కోవాలి. పెద్దాయన పోయాక వచ్చిన పెట్టెల్లో చీటీ లేనివి చాలా ఉన్నాయి, అవి వినకుండా కొనకండి. బెల్టు జారి వేగం తగ్గిన ప్లేయర్లకి బెల్టు బయటినుంచి తెప్పించాలి, ఆలస్యమవుతుంది. రబ్బరు చక్రం గట్టిపడి గుర్రుమనే పాత ప్లేయర్లు బాగుచేసే చెయ్యి మాత్రం ఆయనతోనే పోయింది. ఆ పనికి ఇక్కడికి వెళ్లి లాభం లేదు, అక్క కూడా ఆ మాటే ముందే చెబుతారు.

ధర కవరు వెనక ఉంటుంది, బేరం లేదు. 78లని కొరియర్‌లో పంపరు, మీరే తీసుకెళ్లాలి. రెండు మందపాటి అట్టల మధ్య కట్టించుకుని, బస్సులో ఎండ పడని వైపు కూర్చుని, నిలువుగా ఒళ్లో పెట్టుకోండి. దసరా తర్వాత మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, ఆ రోజు ఆ బజారంతా జనమే. ప్లేట్లు కొనడానికి వేరే వారం పెట్టుకోండి.