బీరా, నేతిబీరా? పాకెట్ మీద రెండో మాట చూడండి

విత్తనాల పాకెట్ మీద శాస్త్రీయ నామంలో మొదటి మాట ‘లఫ్ఫా’ ఒక్కటే చదివితే పందిరెక్కేది ఏ తీగో తెలియదు, అది బీరకూ నేతిబీరకూ ఒకటే.

పేరు: అక్యుటాంగ్యులా అంటే పదునైన కోణాలున్నది, మన బీర. సిలిండ్రికా అంటే స్తంభంలా గుండ్రనిది, నేతిబీర. దీన్నే ఈజిప్షియాకా అని కూడా రాస్తారు, కంగారు పడొద్దు. బీరను మొక్కలకు రెండు మాటల పేర్లు పెట్టిన శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో కుకుమిస్‌లో (దోస ప్రజాతిలో) చేర్చి ‘అక్యుటాంగ్యులస్’ అన్నాడు. వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ లఫ్ఫాలోకి మార్చాడు. లాటిన్ పేర్లలో లఫ్ఫా స్త్రీలింగం కాబట్టి ‘లస్’ కాస్తా ‘లా’ అయింది. సామర్లకోటలో తోట పెంచిన రాక్స్‌బర్గే ఈయన.

గింజ: బీరది గరుకు, గుంటలు గుంటలుగా ఉంటుంది. నేతిబీరది నునుపు, అంచున సన్నటి రెక్క. పేరు తప్పు పడినా గింజ పట్టిచ్చేస్తుంది.

పువ్వు: బీర సాయంత్రం విచ్చుకుంటుంది, నేతిబీర తెల్లవారుజామున. పిందెలు రాలిపోతుంటే చేత్తో పుప్పొడి అద్దాలి. బీరకు ఆ పని పొద్దెక్కాక చేస్తే దండగే.

ఖర్చు: పందిరి, ఎరువు రెండింటికీ ఒకటే.

రిస్కు: రెండూ ముదిరితే పీచే, లేతగా కోయాలి. చేదు కాయ ఏదైనా సరే పారేయండి. వండినా ఆ చేదు విషం పోదు.

రోజూ కూరకు, అమ్మకానికి బీర. పచ్చడికి, ఒళ్లు రుద్దుకునే పీచుకు నేతిబీర. పీచు కావాలంటే కాయను తీగ మీదే ఎండనివ్వాలి. గింజ దాచుకునేవాళ్లు మాత్రం పక్కపక్కనే రెండూ వేయొద్దు, సంకరమయ్యే అవకాశముంది.