పాత కారు వాషర్ లీకేజీకి రిపేర్ కిట్: పైపు, గ్రోమెట్ మేలు, జిగురు వృథా

కారు పాతబడినకొద్దీ ముందు అద్దం కడిగే వాషర్ ట్యాంకులో నీళ్లు నిలవడం కష్టమవుతుంది. నింపిన మర్నాటికే ట్యాంకు ఖాళీ అయితే ట్యాంకు పగిలిందనో మోటారు పోయిందనో నిర్ణయించుకుని ఆ రెండింటినీ మార్పించేవారు చాలామంది ఉన్నారు. అయితే తరచుగా ముందు చెడిపోయేవి వాటిని కలిపే రబ్బరు భాగాలే. అందుకే అన్ని రకాల కార్లకూ సరిపోతుందని చెప్పి అమ్మే ఒక వాషర్ రిపేర్ కిట్ తెప్పించి, వెనక వైపర్ కూడా ఉన్న పాత హ్యాచ్‌బ్యాక్‌కు బిగించి చూశాను. పెట్టెలో 12 వోల్టుల చిన్న మోటారు, దాన్ని ట్యాంకు రంధ్రంలో బిగుతుగా పట్టి ఉంచే రబ్బరు వలయం (గ్రోమెట్), లోపలి వ్యాసం 4 మిల్లీమీటర్లున్న నల్లని పైపు చుట్ట, కొన్ని జాయింట్లు, నీటిని ఒకే దిశలో పోనిచ్చే ఒక చెక్ వాల్వు, చిన్న ట్యూబులో ప్లాస్టిక్ జిగురు ఉన్నాయి. గ్రోమెట్, పైపు, చెక్ వాల్వు ఈ మూడింటి కోసమైతే కిట్ నిస్సంకోచంగా కొనవచ్చు. మోటారు అందరికీ కాదు. జిగురును పక్కన పెట్టడమే మంచిది.

పెట్టెలో ఉన్న సూచనల కాగితం ఏ భాగాన్ని ఎలా బిగించాలో చెబుతుంది గానీ, లీకు ఎక్కడుందో ఎలా పట్టుకోవాలో ఒక్క ముక్క కూడా చెప్పదు. ఈ కిట్‌లో నాకు కనిపించిన పెద్ద లోపం ఇదే, ఎందుకంటే చోటు తెలియకుండా భాగాలు మార్చుకుంటూ పోతే కొత్త మోటారు బిగించాక కూడా నీళ్లు కారుతూనే ఉంటాయి. ట్యాంకును నిండుగా నింపి, కింద పొడి అట్టముక్క పరిచి, స్విచ్ ముట్టుకోకుండా కారును అలాగే వదిలేయాలి. నీటి మట్టం కొంత దిగి ఒకచోట ఆగిపోతే పగులు సరిగ్గా ఆ ఎత్తులో ఉంటుంది. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయితే ముందుగా అడుగున ఉన్న గ్రోమెట్‌ను అనుమానించాలి. స్విచ్ నొక్కినప్పుడు మాత్రమే అట్ట తడిస్తే లోపం పైపులోనో, జాయింట్లలోనో, అద్దం మీదికి నీళ్లు చిమ్మే నాజిల్ దగ్గరో ఉన్నట్లు. ఇక్కడ ఒక మెలిక ఉంది: వాషర్ మోటారు ఆగి ఉన్నప్పుడు నీటికి పూర్తిగా అడ్డుపడదు. కాబట్టి ట్యాంకు మట్టం కంటే కిందుగా పైపు ఊడిపోతే స్విచ్ నొక్కకపోయినా నీళ్లు కారిపోతాయి, చూసేవారు ఆ నేరాన్ని గ్రోమెట్ మీద మోపుతారు. నీలం రంగు వాషర్ ద్రవం పోసి చూస్తే తడి మరక ఎక్కడ మొదలైందో కంటికి తేలిగ్గా కనిపిస్తుంది.

నా కారులో లోపం గ్రోమెట్ దగ్గరా, బానెట్ కీలు దగ్గర పైపులోనూ తేలింది. పాత గ్రోమెట్‌ను బయటికి లాగి గోటితో నొక్కితే నొక్కు పడలేదు, వంచితే అంచు సన్నగా చిట్లింది. రబ్బరు సాగే గుణం పోయాక అది మోటారు మూతిని పట్టి ఉంచలేదు, కారు కుదుపులకు ఆ సందులోంచి నీరు చుక్కలు చుక్కలుగా కారుతుంది. కిట్‌లోని కొత్త గ్రోమెట్ మెత్తగా, రెండు అంచులూ స్పష్టంగా ఉండి, ట్యాంకు రంధ్రంలో గట్టిగా కూర్చుంది. అయితే దాన్ని పెట్టే ముందు రంధ్రం అంచు చుట్టూ పేరుకున్న తెల్లటి సున్నపు పొరను గుడ్డతో పూర్తిగా తుడిచేయాలి, లేకపోతే ఎంత మంచి రబ్బరైనా నీటిని ఆపలేదు. మోటారు సులువుగా దూరడానికి కొందరు ఇంజిన్ ఆయిలో గ్రీజో రాస్తారు, ఆ పని చేయకూడదు. ఇలాంటి భాగాల్లో ఎక్కువగా వాడే ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరుకు పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బి పాడవుతుంది. నీటితో తడిపి నొక్కితే సరిపోతుంది.

పైపు విషయంలో ఈ కిట్ నా అంచనాను మించింది. ఇంజిన్ వేడికి ఏళ్ల తరబడి ఉడికిన పాత పైపు గట్టిపడి, బానెట్ తెరిచి మూసిన ప్రతిసారీ వంగే చోట నిలువుగా చీలింది. బానెట్ మూసి ఉన్నప్పుడు ఆ చీలిక దగ్గరకు వచ్చి కనిపించదు, తెరిచి పైపును వేళ్లతో కొద్దిగా మెలితిప్పితేనే నోరు తెరుస్తుంది. కొత్త పైపును రెండుగా మడిచి వదిలితే మడత గీత మిగలకుండా వెంటనే గుండ్రంగా మారింది. వంగే చోట వాడే పైపుకు కావలసిన గుణం అదే. జాయింట్‌కు ఎక్కించే ముందు పైపు కొసను వేడినీళ్లలో కాసేపు ముంచి, జాయింట్ మీది గాట్లన్నీ దాటేదాకా తోసి, చల్లారాక గట్టిగా లాగి చూడాలి. లైటర్ మంటతో మెత్తబరిస్తే కొస మాడి కొద్దిరోజుల్లోనే పగులుతుంది. వెనక వైపర్ ఉన్న కార్లకు మాత్రం పైపు పొడవు చాలదు, ఎందుకంటే ఆ పైపు లోకప్పు వెంట డిక్కీ తలుపుదాకా వెళ్తుంది. కప్పు బట్ట తడిసినా, వెనక కార్పెట్ కింద చెమ్మ కనిపించినా వాన నీరని వదిలేయకుండా ఆ పైపును కూడా పరీక్షించాలి.

చెక్ వాల్వు చిన్నదే అయినా దాని విలువ వాడితేనే తెలుస్తుంది. దాని మీది బాణం గుర్తు నాజిల్ వైపు ఉండేలా బిగిస్తే పైపులోని నీరు తిరిగి ట్యాంకులోకి జారిపోదు, స్విచ్ నొక్కగానే అద్దం మీద నీళ్లు పడతాయి. ఇంతకుముందు వైపర్ పొడి అద్దాన్ని ఒకటి రెండుసార్లు గీకిన తర్వాతే నీళ్లు వచ్చేవి.

కిట్‌లోని మోటారుకు నీళ్లు బయటికి పంపే మూతి ఒక్కటే ఉంది. ముందు, వెనక అద్దాలు రెండింటికీ ఒకే మోటారుతో నీళ్లు పంపే కార్లలో కరెంటు దిశ మారితే నీటి దారి మారేలా రెండు మూతుల మోటారు ఉంటుంది, దాని స్థానంలో ఇది పనికిరాదు. పైగా దీని ప్లగ్గు నా కారు వైరింగ్‌కు కలవలేదు. అసలు వైర్లు కోసి అతికించడం నాకు సమ్మతం కాదు, అందులోనూ నీళ్లు చిమ్మే చోట వేసిన అతుకు త్వరగా చిలుం పడుతుంది. నా పాత మోటారు బాగానే తిరుగుతున్నందున దాన్నే కొత్త గ్రోమెట్‌లో తిరిగి పెట్టాను. ఏ మోటారైనా ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు అదేపనిగా నడిపితే కాలిపోయే ప్రమాదం ఉంది, కాబట్టి పరీక్షించేటప్పుడు నీళ్లు తప్పనిసరిగా ఉండాలి.

జిగురు ట్యాంకు పగుళ్లను అతికిస్తుందని కిట్ పెట్టె మీద రాసిన మాట నమ్మదగినది కాదు. వాషర్ ట్యాంకులను ఎక్కువగా పాలిథిలిన్‌తో గానీ పాలీప్రొపిలిన్‌తో గానీ చేస్తారు, వాటి ఉపరితలం మామూలు జిగుళ్లను పట్టుకోదు. ఇదే రకం ప్లాస్టిక్ డబ్బా మీద పూసి ఆరనిచ్చి చూస్తే ఆ జిగురు పొర మొత్తం గోటికి పెచ్చులా ఊడి వచ్చింది. ట్యాంకే పగిలితే అదే రకం ప్లాస్టిక్ కడ్డీతో వెల్డింగ్ చేయించడమో, ట్యాంకు మార్చడమో సరైన మార్గం. చలి ప్రాంతాల్లో ట్యాంకులో మామూలు నీళ్లు ఉంచితే గడ్డకట్టి దాదాపు 9 శాతం వ్యాకోచించి ట్యాంకునూ మోటారునూ పగలగొట్టగలవు. అక్కడ గడ్డకట్టని వాషర్ ద్రవమే వాడాలి.

నాజిల్ శుభ్రం చేసే సన్నని తీగ కూడా కిట్‌లో ఉంటే బాగుండేది. ఉప్పునీటి సున్నంతో నాజిల్ మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, బలహీనంగా ఉన్న జాయింట్ దగ్గర పైపు ఊడిపోతుంది. అందువల్ల కొత్త పైపు వేసిన రోజే నాజిల్ రంధ్రాన్ని కూడా సన్నని సూదితో శుభ్రం చేసుకోవాలి. గ్రోమెట్ ఒక్కటే కావలసినవారు తమ కారు ట్యాంకు రంధ్రాన్నీ మోటారు మూతినీ కొలుచుకుని విడిగా కొంటే చాలు, పైపు కూడా మార్చవలసినవారికే ఈ కిట్ గిట్టుబాటు అవుతుంది.