మట్టి అత్తరు: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

అత్తరు సంగతి చెప్పే ముందు నా ముక్కు సంగతి చెప్పుకోవడం న్యాయం. వరంగల్ మిర్చి వ్యాపారంలో, రైతుల సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో, ఇరవై ఆరేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. చపాటా కాయ వచ్చిన రోజు కొంత నయం, దానికి రంగు ఎక్కువ, కారం తక్కువ. తేజ బస్తాలు విప్పిన రోజు మాత్రం దుకాణంలో తుమ్మని మనిషి ఉండడు. జనవరి చివరి నుంచి ఎండలు ముదిరేదాకా ఆ ఘాటులో కూర్చునే వానికి పరిమళాల్లోని సన్నని తేడాలు తెలుస్తాయని నేను వాదించను. కాబట్టి ఈ సమీక్షను ఆ మేరకు తగ్గించుకొని చదవవచ్చు.

మట్టి అత్తరు కంటే ముందు వాడినవి కొన్ని ఉన్నాయి. చిన్నప్పుడు జ్వరం వస్తే అమ్మ తడిగుడ్డ మీద ఓడికొలోన్ చుక్కలు వేసి నుదుటిపై పరిచేది, అందువల్ల ఆ వాసన నాకు ఈనాటికీ సువాసనగా కాక మందుగానే తోస్తుంది. కాలేజీ రోజుల్లో ఓల్డ్ స్పైస్ ఉండేది, అదీ మా మేనమామది, ఆయన లేనప్పుడు మాత్రమే. ఆ తర్వాత దాదాపు పదేళ్ల పాటు నేను సొంతంగా సెంటు కొన్నది లేదు. జగిత్యాల బావ దుబాయిలో పనిచేసేవాడు. సెలవు మీద వచ్చినప్పుడల్లా ఆయన పెట్టెలో ట్యాంగ్ డబ్బా, నిడో పాలపొడి, గొడ్డలి బొమ్మ తైలంతో పాటు నా వంతుగా ఒక ఊద్ స్ప్రే ఉండేది. అది కొట్టుకొని దుకాణంలో కూర్చుంటే మిర్చి ఘాటుతో కలిసి కాలుతున్న రబ్బరు వాసనలా మారేది, దానికి తోడు నా పక్కన కూర్చునే గుమాస్తాకు తలనొప్పి మొదలయ్యేది. బావ మంచి మనసుతో తెచ్చాడన్న ఒక్క కారణంతో ఏ సీసానూ మధ్యలో వదిలిపెట్టలేదు.

మట్టి అత్తరు నాకు కాజీపేట దర్గా ఉర్సులో దొరికింది. అత్తర్లు అమ్మే ఒక వృద్ధుడు గులాబీ, మల్లె, ఖస్ అన్నీ చూపించి, నేను దేనికీ తల ఊపకపోయేసరికి, చివరకు గాజుపుల్లతో ముంజేతి మీద ఒక గీత గీసి ఏమీ చెప్పకుండా ఊరుకున్నాడు. నేను ముక్కు దగ్గరకు తీసుకున్నాను. మిరుగం నాడు, అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజున, మొదటి వాన పడ్డ ఎర్రచెలక వాసన అది, ఇంకే రకంగానూ చెప్పలేను. చేపల కోసం సంచి పట్టుకొని నాన్న వెంట నడిచిన దారి, ఆ దారి పక్కన తడిసిన గట్లు ఒక్క క్షణంలో ఎదుట నిలిచాయి. మూడు మిల్లీలీటర్ల సీసాకు ఆరు వందలు అడిగితే బేరం ఆడకుండా ఇచ్చాను, మార్కెట్లో పనిచేసే వాడిగా అది నాకు కొంచెం సిగ్గు కలిగించే విషయమే.

ఆ వాసన అంత బలంగా ఎందుకు తగులుతుందో తర్వాత చదివి తెలుసుకున్నాను. మట్టిలో ఉండే ఒక రకం సూక్ష్మజీవులు జియోస్మిన్ అనే పదార్థాన్ని తయారు చేస్తాయట. లక్ష కోట్ల పాళ్లలో అయిదారు పాళ్లు ఉన్నా మనిషి ముక్కు దాన్ని పట్టేస్తుందట. మిర్చి ఘాటుకు మొద్దుబారిన నా ముక్కు కూడా పట్టగలిగిందంటే అందులో ఆశ్చర్యం లేదు. ఎండిన నేల మీద వాన పడితే వచ్చే ఈ వాసనకు 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పెట్రికార్ అని పేరు పెట్టారు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ అత్తరు పనివాళ్లు ఆ పేరు కోసం ఎదురుచూడలేదు. కాల్చిన మట్టిపెంకులను రాగి కాగులో నీటితో మరిగించి, ఆ ఆవిరిని వెదురు గొట్టం గుండా గంధపు నూనె ఉన్న పాత్రలోకి దింపే పద్ధతి వాళ్లకు అంతకు ముందు నుంచే ఉంది.

నా ఫిర్యాదు కూడా ఆ గంధపు నూనె దగ్గరే మొదలవుతుంది. మొదటి ఏడాది ఈ అత్తరును నేను కనిపించిన వాళ్లందరికీ పొగిడాను, రోజంతా వాన వాసన వస్తుందని కూడా అన్నాను. అది నిజం కాదు. మట్టి వాసన నా ఒంటి మీద సుమారు మూడు గంటలు నిలుస్తుంది, ఆ తర్వాత మిగిలేది గంధం. మంచి గంధమే, కాదనను, కానీ నేను డబ్బు పెట్టింది గంధం కోసం కాదు. పొద్దున తొమ్మిదికి రాసుకుంటే మధ్యాహ్నం అన్నం గిన్నె విప్పేసరికి వాన వెళ్లిపోయి ఉంటుంది. ఇంకో సంగతి, ఇది పక్కవాళ్లను పలకరించే సెంటు కాదు. దగ్గరగా కూర్చున్న వాళ్లకు తప్ప తెలియదు. మా ఇంటావిడకు తెలుస్తుంది, ఆమె దాన్ని కుండలంగడి వాసన అంటుంది.

దగ్గరగా కూర్చున్నందుకే మా అన్నకూ ఒకసారి తెలిసింది. నర్సంపేట వైపు మా ఊళ్లో ఆయన రెండెకరాల్లో మిర్చి వేస్తాడు. ఒక ఫిబ్రవరిలో చుట్టాల పెళ్లిలో బంతిలో నా పక్కన కూర్చున్న మనిషి, తింటున్న వాడల్లా చెయ్యి ఆపి, "ఏందిరా, మొగులైందా?" అంటూ పందిరి అంచు నుంచి తొంగి చూశాడు. ఆకాశం తెల్లగా ఉంది. నేను ముంజేయి చూపించి నవ్వాను. ఆయన నవ్వలేదు. "కల్లంల కాయ ఉన్నప్పుడు గిసొంటి వాసన రాసుకొని తిరుగుతరా?" అని మళ్లీ అన్నంలో చెయ్యి పెట్టాడు. ఆ మాటను అప్పుడు నేను చాదస్తం కింద జమకట్టాను.

2023 మార్చి మూడో వారంలో అదే కల్లం దగ్గర ఉన్నాను. కోసిన కాయ నాలుగు రోజులుగా ఎండుతోంది, ఇంకో వారం ఆగితే బస్తాలకు ఎత్తవచ్చు. సాయంత్రం నాలుగున్నర అయి ఉంటుంది. నేను వేపచెట్టు కింద మంచం మీద కూర్చొని ఫోన్ చూస్తున్నాను. ఉన్నట్టుండి వాన వాసన వచ్చింది. అలవాటు కొద్దీ ముంజేయి ముక్కు దగ్గరకు ఎత్తాను. పొద్దుటి అత్తరులో మిగిలింది గంధం మాత్రమే, మట్టి ఎప్పుడో పోయింది. అయినా వాసన పెరుగుతూనే ఉంది. కళ్లు మూసుకొని ఇంకోసారి గట్టిగా పీల్చాను, ఎంత బాగుంది అని కూడా అనుకున్నాను. ఆ వాసన చేతి నుంచి కాదు, దుమ్ము లేస్తున్న దిక్కు నుంచి, పక్క ఊరి చెలకల మీదుగా వస్తోందని అర్థమయ్యేలోపు వదిన "పరదాలు పట్టుర్రి!" అని అరుస్తూ పరిగెత్తుతోంది. ఒక పరదా కప్పాము. రెండోది గాలికి మా చేతుల్లోంచి లేచిపోయింది. ఆ వెనుకే రాళ్లవాన వచ్చింది, ఇరవై నిమిషాల పాటు కొట్టింది. అన్న పరదా కొస మీద బోర్లా పడుకొని ఉన్నాడు, ఆయన వీపు మీద రాళ్లు పడుతున్నాయి.

సగం కాయ తడిసింది. మళ్లీ ఎండబెట్టినా రంగు పోయి తాలు అయింది. తాలుకు మంచి కాయ ధరలో సగం కూడా రాదని వేరే చెప్పనక్కర లేదు. నెల తర్వాత ఆ బస్తాలు మా దుకాణానికే వచ్చాయి, అమ్మకం లెక్క చీటీ, తక్‌పట్టీ, నేనే రాశాను. నేను ఆ కళ్లు మూసుకున్న క్షణం తెరిచే ఉంటే రెండో పరదా నిలిచేదా అంటే, ఆ గాలికి నిలిచేది కాదనే నా నమ్మకం. ఈ విషయం అన్నతో మాత్రం ఎప్పుడూ అనలేదు. సీసాను బీరువాలో పైఅరలో పెట్టాను, పదిహేను నెలలు తీయలేదు.

మళ్లీ తీసింది మరుసటి ఏడు మిరుగం తర్వాత, విత్తనాలకు వాన కావాలని ఊరంతా పైకి చూస్తున్న రోజుల్లో. వాసన చెడలేదు. పైగా మొదట కొన్నప్పటి కంటే కొంత మెత్తబడి, మట్టికీ గంధానికీ మధ్య అతుకు తెలియకుండా తయారైంది. ఈ గుణాన్ని స్ప్రేల్లో నేను చూడలేదు, బావ ఇచ్చిన చివరి సీసా ఇంట్లో పడి ఉండి ఉత్త స్పిరిటు వాసనకు దిగింది.

సీసా అయిపోయాక ఉర్సు దాకా ఆగలేక ఒక దుకాణంలో ఇంకొకటి కొన్నాను, అది నా తెలివితక్కువ. గంధపు నూనె ధర పెరిగాక పారఫిన్ నూనెలో కలిపి అమ్మేవాళ్లు ఉన్నారని తెలిసి కూడా, మూత మీద కన్నౌజ్ అని ఉంటే చాలనుకున్నాను. కన్నౌజ్ అత్తరుకు 2014లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కానీ, కాగితం అంటించిన చిన్న సీసాలో ఏముందో ఆ గుర్తింపు చెప్పదు. తడిసిన సిమెంటు వాసన అరగంటలో పోయింది, తెల్లచొక్కా ముంజేతి మీద జిడ్డుమరక ఇంకా ఉంది. అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ముందు రాయించుకుంటాను, గంటసేపు వేరే పని చూసుకుంటాను, తిరిగి వచ్చేసరికి మట్టి వెనుక గంధం తలెత్తితేనే డబ్బు తీస్తాను. అమ్మేవాళ్లు విసుక్కుంటారు.

కొనమంటానా అంటే, మీరు ఏ పని చేస్తారో తెలియకుండా చెప్పలేను. దుకాణంలో కూర్చునే నాకు ఇది ఊద్ కంటే, డియోడరెంటు కంటే మేలు, మిర్చి ఘాటుతో తగువు పెట్టుకోదు. నలుగురిలో గుర్తింపు కావాలనుకునే వాళ్లకు ఇది డబ్బు దండగ. నేను మాత్రం జనవరి నుంచి కల్లాలు లేచేదాకా దీన్ని దుకాణానికే పరిమితం చేశాను, అదీ రైతులు తక్కువ వచ్చే రోజుల్లో. ఆ నెలల్లో ఊరికి పోవలసి వస్తే పొద్దున్నే సబ్బుతో ముంజేతులు కడుక్కొని బస్సెక్కుతాను.