మొదటి ఏఆర్-15కి ఏ సైట్, ఏ సామాన్లు: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

అమెరికాలో కొత్తగా ఏఆర్-15 రైఫిల్ కొన్న మనవాళ్లు నన్ను ముందుగా అడిగేది "ఏ స్కోప్ తీసుకోమంటారు?" అని. నేను తిరిగి అడిగేది "మీకు కళ్లజోడుందా? ఎలాంటి జోడు?" అని. ఇన్నేళ్లు వాడాక నాకు బాగా అర్థమైంది ఇదే. సైట్, అంటే గురి చూసే సాధనం, ఎంచుకోవాల్సింది రైఫిల్‌ని బట్టి కాదు, మన కంటిని బట్టి, మనం నిజంగా కాల్చే దూరాన్ని బట్టి.

మేముండేది టెక్సస్‌లో, డాలస్ దగ్గర. రైఫిల్ రూగర్ ఏఆర్-556. 16 అంగుళాల బ్యారెల్, ఖాళీగా ఉంటే దాదాపు మూడు కిలోల బరువు, ముందు కదలని గురిపుల్ల, వెనక మడిచే సైట్. దీన్ని నేనూ మా ఆయనా ఇద్దరం వాడతాం. దీని మీద ఎక్కువ కాలం ఉన్నవి రెండు: సిగ్ సావర్ రోమియో5 అనే రెడ్ డాట్ (గాజులో ఎర్ర చుక్క కనిపించే సైట్), ప్రైమరీ ఆర్మ్స్ వాళ్ల ఎస్ఎల్ఎక్స్ 1-6 స్కోప్ (ఒక రెట్టు నుంచి ఆరు రెట్ల దాకా పెద్దది చేసి చూపేది). రెండూ మా డబ్బుతో కొన్నవే.

అసలు సంగతికి వెళ్లేముందు వీసా మాట. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, ఎల్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి గానీ, లాయర్ని కనుక్కోకుండా వాటిని నమ్ముకోకండి. గ్రీన్ కార్డు వచ్చాక కొనుక్కోవచ్చు. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు సరదాకి రేంజ్‌కి తీసుకెళ్లి చేతికిస్తుంటారు కొందరు. వాళ్లకీ ఆ చట్టమే వర్తిస్తుంది. నాన్నగారికి ఎన్‌సీసీ రోజుల్లో పాయింట్ టూ టూ కాల్చిన ముచ్చట ఎంత ఉన్నా సరే, ఇవ్వకండి. పైగా రాష్ట్రాన్ని బట్టి చట్టం మారిపోతుంది. న్యూజెర్సీ, కాలిఫోర్నియా, ఇల్లినాయ్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో ఈ తరహా రైఫిళ్ల మీద గట్టి ఆంక్షలున్నాయి. నేను రాసేది టెక్సస్ అనుభవం.

ఇక కంటి సంగతి. నాకు నలభై దాటాయి, సిలిండర్ పవర్ ఉంది, ప్రోగ్రెసివ్ అద్దాలు. రైఫిల్‌తో వచ్చిన మామూలు సైట్లతో కాలిస్తే ముందు గురిపుల్ల మసక. పుల్ల స్పష్టంగా కనపడాలంటే తల వెనక్కి వంచి అద్దం కింది భాగంలోంచి చూడాలి, అలా చూస్తే టార్గెట్ మసక. రెడ్ డాట్‌లో ఈ బాధ లేదు. చుక్కా టార్గెట్టూ ఒకే దూరంలో ఉన్నట్టు కనిపిస్తాయి. రెండు కళ్లూ తెరిచి టార్గెట్‌నే చూస్తుంటే చుక్క దానంతటదే వచ్చి దానిమీద కూర్చుంటుంది. చత్వారం వచ్చినవాళ్లకి ఇంతకన్నా మేలు చేసే వస్తువు లేదు.

కానీ సిలిండర్ పవర్ ఉన్నవాళ్లు జోడు తీసి చూస్తే ఆ చుక్క చుక్కలా ఉండదు. తోక వచ్చి, రేకులు విచ్చి, చితికిపోయిన కుంకుమబొట్టులా కనిపిస్తుంది. చాలామంది సైట్ పాడైందనుకుని దుకాణంలో వెనక్కి ఇచ్చేస్తారు. వెనక్కి ఇచ్చేముందు రెండు పనులు చేయండి. ఫోన్ కెమెరాని సైట్ వెనక పెట్టి ఫొటో తీయండి. ఫొటోలో చుక్క గుండ్రంగా వస్తే లోపం సైట్‌లో లేదు, కంట్లో ఉంది. రెండోది, వెనక సైట్ పైకి లేపి ఆ చిన్న రంధ్రంలోంచి చుక్కని చూడండి. రేకులన్నీ ముడుచుకుని చుక్క చిన్నదవుతుంది. చుక్క వెలుతురు రెండు మెట్లు తగ్గించినా చాలావరకు సర్దుకుంటుంది. జోడు పెట్టుకుంటే నాకు గుండ్రంగానే కనిపిస్తుంది గానీ, అద్దం అంచులోంచి చూస్తే మళ్లీ సాగుతుంది. అందుకే రోమియో5తో వచ్చిన రెండు మౌంట్లలో (సైట్ ని రైఫిల్ కి బిగించే దిమ్మెల్లో) ఎత్తుదే వాడతాను. తల నిటారుగా ఉంటే చూపు అద్దం మధ్యలోంచి పోతుంది.

జోడుతో కూడా చుక్క కుదురుగా లేనివాళ్లకి ప్రిజమ్ సైట్ గానీ స్కోప్ గానీ మంచిది. వాటిలో గురి గుర్తు గాజు మీదే చెక్కి ఉంటుంది కాబట్టి సిలిండర్ పవర్ దాన్ని అంతగా చితక్కొట్టదు. బ్యాటరీ అయిపోయినా నల్లగా కనిపిస్తూనే ఉంటుంది. కంటి దగ్గరి రింగు తిప్పి మన కంటికి సరిచేసుకోవచ్చు. దీనికి పద్ధతుంది. తెల్లగోడ వైపో ఆకాశం వైపో చూస్తూ, కళ్లు మూసి తెరవగానే గుర్తు స్పష్టంగా ఉందా లేదా చూసుకోవాలి. తదేకంగా చూస్తే కన్ను తనే సర్దుకుని మనల్ని మోసం చేస్తుంది.

మా 1-6 స్కోప్ గురించి చెప్పాలంటే, వంద గజాల్లో కాగితం మీద కాల్చే రోజున దాని సుఖమే వేరు. రోమియో5 చుక్క 2 ఎంఓఏ, అంటే వంద గజాల్లో రెండంగుళాల మేర కప్పేస్తుంది. స్కోప్‌లో ఆరు రెట్లు పెట్టుకుంటే ముందు కాల్చిన తూటా రంధ్రం కూడా కనిపిస్తుంది. ముందు గురిపుల్ల అడ్డం రాదా అని అడుగుతారు. ఒక రెట్టు మీద కింద మసక నీడలా ఉంటుంది, ఆరు రెట్లకి వెళ్తే పూర్తిగా మాయమవుతుంది. లోపలి దూరపు గీతలు మాత్రం ఆరు రెట్ల మీద ఉన్నప్పుడే లెక్కకి సరిపోతాయి, మధ్యలో ఎక్కడో ఆపితే వాటిని నమ్మకండి.

దాంతో రెండు ఇబ్బందులు. ఒకటి బరువు. స్కోప్ అర కిలో, మౌంట్‌తో కలిపి ముప్పావు కిలోకి దగ్గరవుతుంది. అదంతా రైఫిల్ పైభాగంలో ఉంటుంది. నిలబడి కాల్చేటప్పుడు పావుగంటకే నా ఎడమ చెయ్యి వణకడం మొదలుపెడుతుంది. రెండోది, మా ఇంటికి ఇంకా ముఖ్యమైనది. స్కోప్‌కి కన్ను సరిగ్గా అంత దూరంలోనే ఉండాలి. నేను స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) రెండో గాడికి లాక్కుంటే మా ఆయన చివరి గాడికి లాక్కుంటారు. ఆయనకి నిండుగా కనిపించే బొమ్మ నాకు చుట్టూ నల్లటి అంచుతో కనిపిస్తుంది. రెడ్ డాట్‌కి ఈ పట్టింపు లేదు, కన్ను ఎంత దూరంలో ఉన్నా చుక్క కనిపిస్తుంది. ఒకే రైఫిల్‌ని ఇద్దరు వాడే ఇంట్లో మొదటి సైట్ రెడ్ డాట్ కావాలని నేను గట్టిగా చెబుతాను. ఇంటి దగ్గరి ఇండోర్ రేంజ్ 25 గజాలే అయితే ఇక ఆలోచించక్కర్లేదు. రెడ్ డాట్ వెనక పెట్టే మూడు రెట్ల మాగ్నిఫయర్ జోలికి మాత్రం వెళ్లొద్దు. చుక్క తోకని కూడా అది మూడింతలు చేసి చూపిస్తుంది.

రోమియో5 కదలిక లేకపోతే తనే ఆరిపోయి, రైఫిల్ ఎత్తగానే వెలుగుతుంది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఎత్తినప్పుడు వెలగకుండా లేదు. బ్యాటరీ సీఆర్2032, కిరాణా కొట్టులో కూడా దొరుకుతుంది. కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. పిల్లలు మింగకుండా చేదు పూత పూసినవి వస్తున్నాయి, ఆ పూత వల్ల కొన్ని పరికరాల్లో కరెంటు సరిగ్గా అందదు. అలాగని పాత బ్యాటరీని టేబుల్ మీద పడేయకండి, చిన్నపిల్లలు మింగితే ప్రాణం మీదకి వస్తుంది. నేను ఏటా ఉగాదికి బ్యాటరీ మారుస్తాను, అవసరం ఉన్నా లేకపోయినా.

డబ్బు పెట్టాల్సింది సైట్ కన్నా మౌంట్ మీద అని చాలామంది నమ్మరు. మా స్కోప్‌ని మొదట ఆన్‌లైన్‌లో దొరికిన ఒక చవక మౌంట్‌లో బిగించాం. వంద గజాల్లో తూటాలు ఒకచోట పడకుండా, పోనుపోను కుడివైపు జరిగిపోయాయి. తూటా మార్చి చూశాం, కాల్చే మనిషిని మార్చి చూశాం. చివరికి చూస్తే రైఫిల్ పైనున్న పట్టాకి మౌంట్ ని బిగించే మర సగం చుట్టు వదులైంది. మౌంట్ మార్చాక అదే స్కోప్, అదే తూటా, మళ్లీ ఒకచోటే పడ్డాయి. ఇప్పుడు ప్రతి మరనీ, ఎంత బిగువుగా తిప్పాలో పెట్టుకోగలిగే టార్క్ స్క్రూడ్రైవర్‌తోనే బిగిస్తాను. స్కోప్ రింగు మరలకి సాధారణంగా 15 నుంచి 18 ఇంచ్-పౌండ్లు, పట్టా మరకి కంపెనీ కాగితంలో ఎంత రాసి ఉంటే అంత. బిగించాక మర తల మీదా పక్క లోహం మీదా కలిసొచ్చేలా తెల్ల పెయింట్ పెన్నుతో ఒక గీత గీస్తాను. రేంజ్‌లో రైఫిల్ తీయగానే ఆ గీత విరిగిందా లేదా అని చూస్తే చాలు.

జీరో చేయడం, అంటే సైట్ చూపించే చోటే తూటా పడేలా సరిచేయడం, నేను 50 గజాల్లో చేస్తాను. ఇసుక సంచీ మీద ఆనించి, తొందరపడకుండా ఐదు తూటాలు కాల్చి, ఆ ఐదింటి మధ్యభాగం ఎక్కడుందో చూడాలి. ఒక్క రంధ్రం చూసి తిప్పకూడదు. రోమియో5లో ఒక క్లిక్ అర ఎంఓఏ, 50 గజాల్లో పావంగుళం. గుంపు రెండంగుళాలు కిందుంటే ఎనిమిది క్లిక్కులు పైకి. మళ్లీ ఐదు. ఇలా చేశాక వంద గజాల్లో అంగుళంన్నర పైన పడుతుంది, రెండువందల దగ్గర దాదాపు మళ్లీ గురి మీదకే వస్తుంది. సైట్ బ్యారెల్‌కి రెండున్నర అంగుళాలకి పైగా ఎత్తులో ఉంటుంది కాబట్టి దగ్గర దూరాల్లో తూటా కిందికి పడుతుంది. పది గజాల్లో రెండంగుళాలు, 25లో అంగుళం పైచిలుకు. ఇండోర్ రేంజ్ తప్ప వేరే దారి లేనివాళ్లు 25 గజాల్లో అంగుళం పైచిలుకు కింద పడేలా పెట్టుకుని, వీలైనప్పుడు 50కి వెళ్లి సరిచూసుకోవచ్చు.

తూటాల సంగతి ఒక్కమాట. బ్యారెల్ మీద 5.56 అని ఉంటే .223 రకం తూటా కూడా కాల్చవచ్చు. .223 అని మాత్రమే ఉంటే 5.56 పెట్టకూడదు. చాలా ఇండోర్ రేంజుల్లో తూటాలో ఉక్కు ఉందేమోనని అయస్కాంతంతో చూస్తారు, అంటుకుంటే లోపలికి రానివ్వరు. కొనేటప్పుడే చూసుకోండి.

మిగతా సామాన్లలో నేను సైట్ కన్నా ముందు కొనమనేవి చెవులకి. ఈ రైఫిల్ చప్పుడు 155 డెసిబెల్స్ దాటుతుంది, 140 దాటిన ఒక్క చప్పుడు చాలు చెవి శాశ్వతంగా దెబ్బతినడానికి. లోపల స్పాంజి ప్లగ్గులు, పైన ఎలక్ట్రానిక్ మఫ్‌లు, రెండూ పెట్టుకోండి. ఆ మఫ్ లోంచి మాట వినిపిస్తుంది, రేంజ్ ఆఫీసర్ అరుపు తప్పిపోదు. కళ్లజోడు కాడలు మఫ్ దిండుని ఎత్తేస్తాయి, అందుకే లోపల ప్లగ్గు తప్పనిసరి. జోడు మీద పెట్టుకునే జెడ్87+ గుర్తున్న రక్షణ అద్దాలు కూడా కావాలి, పక్క లేన్ నుంచి వేడి కాట్రిడ్జ్ డొప్పలు ఎగిరి వస్తుంటాయి. మెడ దగ్గర వదులుగా ఉండే కుర్తీ వేసుకోవద్దని ఆడవాళ్లకి ప్రత్యేకంగా చెబుతాను.

రెండు చోట్ల తగిలే స్లింగ్, అంటే భుజానికి వేసుకునే పట్టీ, ఒకటి అవసరం. తూటా కూర్చునే ఖాళీ ఛాంబర్‌లో గుచ్చే రంగు ఫ్లాగ్ రెండు మూడు డాలర్లే, రేంజ్‌లో అందరికీ మన రైఫిల్ ఖాళీ అని దూరం నుంచే తెలుస్తుంది. బైపాడ్ (రెండు కాళ్ల స్టాండ్), ముందు పిడి, లేజర్ ఇప్పుడే వద్దు. బ్యారెల్ మూతికి బిగించే మజిల్ బ్రేక్ అసలు వద్దు. కుదుపు తగ్గించి ఆ చప్పుడంతా పక్కవాళ్ల మీదకి తోస్తుంది. ఆ డబ్బుకి తూటాలు కొని కాలిస్తే చెయ్యి కుదురుతుంది.

తాళం పడే సేఫ్ రైఫిల్ ఇంటికి రాకముందే రావాలి. టెక్సస్‌లో తూటాలు నింపిన తుపాకీని అందేలా వదిలేసి, అది 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి దొరికితే నేరం. ఇండోర్ రేంజ్‌లో గాలిలో సీసం పొడి ఉంటుంది. బయటికి రాగానే చల్లటి నీళ్లూ సబ్బుతో చేతులూ ముఖమూ కడుక్కుంటాం, ఇంటికి రాగానే బట్టలు విడిగా ఉతుకుతాం, బూట్లు గరాజ్‌లోనే వదిలేస్తాం. పసిపిల్లలున్న ఇంట్లో దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

రేంజ్‌కి తీసుకెళ్లే సంచీ ఇంకో పనికి వాడకండి, ఇండియా ప్రయాణానికి అసలే వద్దు. ఒక తూటా అస్తరులోకి జారిపోతే చేతికి తగలదు, ఎయిర్‌పోర్టు ఎక్స్‌రేలో మాత్రం కనిపిస్తుంది. మన దేశంలో అది ఆయుధ చట్టం కింద కేసు. స్కోపులు, సైట్లు కూడా పెట్టెలో పెట్టి ఊరికి తీసుకెళ్లకండి, వాటి ఎగుమతి మీద అమెరికాలో ఆంక్షలున్నాయి. మా సంచీ ముదురు నారింజ రంగుది కొన్నాం. ఇంట్లో ఎవరూ పొరపాటున సూట్‌కేసుల మధ్య కలపకుండా గరాజ్‌లో వేరే కొక్కేనికి వేలాడుతుంది.